వర్డ్‌ప్రెస్ నుంచి హ్యూగోకు: పాత లింకులు పోకుండా మా వెబ్‌సైటును ఎలా మార్చుకున్నాం

మీ తెలుగు నిఘంటువు సాఫ్ట్‌వేర్ వెబ్‌సైటు పదేళ్ళుగా వర్డ్‌ప్రెస్ మీద నడుస్తోందని, సుమారు మూడు వందల పేజీలను, డేటాబేసు లేకుండా సాదా పేజీలను ముందే తయారుచేసి పెట్టే హ్యూగో అనే సాధనానికి మార్చాలనుకుంటున్నారని, ఇది రెండు రోజుల్లో అయ్యే పనేనా, ఇందులో పోగొట్టుకునేది ఏమైనా ఉంటుందా అని అడిగారు. పేజీలను మార్చే పని నిజంగానే రెండు రోజుల్లో అయిపోతుంది. కానీ మాకు మొత్తం మీద నాలుగు నెలలు పట్టింది. ఆ కాలమంతా దేనికి ఖర్చయిందో వివరంగా చెబుతాను.

మాది భీమవరం. రొయ్యల చెరువుల మేత లెక్కలు, నీటి పరీక్షల ఫలితాలు నమోదు చేసుకునే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఒకదాన్ని మేము ఐదుగురం కలిసి నడుపుతున్నాం. దాని వెబ్‌సైటులోని సహాయ పేజీలను ఆకివీడు, ఉండి, కాళ్ళ మండలాల రైతులు చెరువు గట్టు మీద నిలబడి ఫోనులో చదువుతారు. మా పాత థీము (సైటు రూపును నిర్ణయించే భాగం) వర్డ్‌ప్రెస్ నడిచే పీహెచ్‌పీ భాషలో 5.6 వెర్షను కోసం రాసినది. ఆ వెర్షనుకు భద్రతా సవరణలు 2018 డిసెంబరుతోనే ఆగిపోయాయని తెలిసినా, పని నడుస్తోంది కదా అని అలాగే నెట్టుకొచ్చాం. హోస్టింగ్ ఇచ్చేవారు సర్వరులో కొత్త వెర్షను పెట్టిన రోజు ఉదయం సైటు తెరిస్తే తెల్లని తెర తప్ప ఏమీ కనిపించలేదు. అప్పుడు గానీ మార్పు గురించి గట్టిగా ఆలోచించలేదు. 2008లో వచ్చిన ఇటువంటి మరో సాధనం జెకిల్‌ను, 2013లో మొదలైన హ్యూగోను పక్కపక్కన పెట్టి చూసి, జెకిల్‌కు కావలసిన రూబీ భాష, దాని అనుబంధాలు ఏవీ అవసరం లేకుండా ఒకే ఫైలుతో పనిచేస్తుంది కాబట్టి హ్యూగోను ఎంచుకున్నాం. ఆ ఎంపిక విషయంలో ఇప్పటికీ మాకు విచారం లేదు. డేటాబేసు లేని సాదా పేజీలు సిగ్నలు సరిగా అందని చోట కూడా త్వరగా తెరుచుకుంటున్నాయి.

ఇక అసలు చిక్కు పాత చిరునామాల దగ్గర వచ్చింది. తెలుగు సైట్లకు ఇది ఇంగ్లీషు సైట్ల కంటే ఎక్కువ. కంప్యూటర్లు అక్షరాలను భద్రపరిచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరం, ప్రతి గుణింతపు గుర్తు మూడేసి బైట్లు తీసుకుంటాయి. వెబ్ చిరునామాలో ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలుగా మారుతుంది. అంటే ఒక్క తెలుగు గుర్తుకు తొమ్మిది. వర్డ్‌ప్రెస్ చిరునామాలోని పేజీ పేరుకు తన డేటాబేసులో 200 అక్షరాల చోటే ఇస్తుంది కాబట్టి, ఇరవైరెండు తెలుగు గుర్తులు దాటగానే మిగతాది చడీచప్పుడు లేకుండా తెగిపోతుంది. మాకు ‘రొయ్యల చెరువులో ఆక్సిజన్ తగ్గితే ఏం చేయాలి’ అనే పేజీ ఉండేది. మొదటి మూడు మాటల్లో 22 గుర్తులు, వాటికి 198, మధ్యలోని రెండు అడ్డగీతలతో కలిపి సరిగ్గా 200. కాబట్టి దాని చిరునామా ‘ఆక్సిజన్’ దగ్గర ఆగిపోయింది. తరువాత రాసిన ‘రొయ్యల చెరువులో ఆక్సిజన్ ఎప్పుడు కొలవాలి’ అనే పేజీకి కూడా అదే చిరునామా రావలసి ఉండగా, చివర ‘-2’ చేర్చడానికి చోటు చాలక నకార పొల్లు కూడా పోయి ‘ఆక్సిజన-2’ అయింది. హ్యూగోకు ఇటువంటి పరిమితి లేదు, మా పేజీలకు పూర్తి శీర్షికతో చిరునామాలు తయారయ్యాయి. దాంతో పొడుగు శీర్షికలున్న పేజీలన్నీ కొత్త సైటులో భద్రంగానే ఉన్నా, పాత లింకు నొక్కినవారికి ఒక్కటీ దొరకలేదు.

దీనికి పరిష్కారం వర్డ్‌ప్రెస్ ఎగుమతి చేసే ఎక్స్‌ఎంఎల్ ఫైలులోనే ఉంది. అందులో ప్రతి పేజీకి పోస్ట్ నేమ్ అనే గడిలో, తెగిన పేరు తెగినట్టుగానే ఉంటుంది. దానిని తీసి హ్యూగో పేజీ పైభాగంలో ‘ఏలియాసెస్’ (మారుపేర్లు) వరుసలో పెడితే, పాత చిరునామా నుంచి కొత్తదానికి పంపే చిన్న పేజీని హ్యూగోనే తయారుచేస్తుంది. సర్వరు మీ చేతిలో ఉంటే అక్కడే 301 (పేజీ శాశ్వతంగా మారిందని చెప్పే) దారిమళ్ళింపు పెట్టడం ఇంకా మంచిది. శీర్షికను బట్టి చిరునామాను మళ్ళీ ఊహించే స్క్రిప్టులను మాత్రం నమ్మకండి.

ఇవన్నీ సరిచేసుకుని గట్టెక్కామనుకున్న వారానికి పాలకొల్లు దగ్గరి ఒక మేత దుకాణం నుంచి ఒకాయన ఫోను చేశారు. రెండేళ్ళ క్రితం మేము లామినేషన్ చేయించి ఇచ్చిన అట్ట ఒకటి ఆ దుకాణం గోడకు వేలాడుతూ ఉంటుంది. దాని మీది క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేస్తే, తెల్లవారుజామున నీటిలో కరిగిన ఆక్సిజన్ (డీఓ) పడిపోయి రొయ్యలు తేలినప్పుడు ఏం చేయాలో చెప్పే పేజీ రావాలి. ఇప్పుడు మా హోమ్ పేజీ వస్తోందని ఆయన చెప్పారు. కోడ్ చిన్నదిగా ఉండాలని అప్పట్లో మేము ప్రశ్నార్థకం, పీ, సమానం, ఒక సంఖ్య ఉండే వర్డ్‌ప్రెస్ పొట్టి లింకును వాడాం. స్థిరమైన పేజీలను అందించే సర్వరు ప్రశ్నార్థకం తరువాతి భాగాన్ని పట్టించుకోకుండా హోమ్ పేజీని చూపిస్తుంది. దోషం రాదు కాబట్టి, విరిగిన లింకులను వెతికే మా సాధనానికి అంతా సవ్యంగానే కనిపించింది. ఆ పేజీ కోసం వెతికే మనిషి నీటికి గాలి అందించే ఏరియేటర్లు వేయాలా, మేత ఆపాలా అని తొందరలో ఉంటాడు, హోమ్ పేజీలో మెనూలు తిప్పే స్థితిలో ఉండడు. ఆ ఫోను పెట్టేసిన తరువాత నాకు చాలా బాధ కలిగింది. ఆ రాత్రే హోమ్ పేజీలో ఆ సంఖ్యను చదివి సరైన పేజీకి పంపే చిన్న జావాస్క్రిప్టు పెట్టి, సంఖ్యల పట్టికను ఎక్స్‌ఎంఎల్ ఫైలు నుంచే తీసుకున్నాం. మీరు పుస్తకాల్లో, కరపత్రాల్లో, పోస్టర్ల మీద ఏ లింకులు అచ్చువేయించారో ముందుగా ఒక జాబితా రాసుకోండి. అచ్చులో ఉన్నదాన్ని వెనక్కి తీసుకోలేం.

పాఠ్యం విషయంలో రెండు జాగ్రత్తలు చెబుతాను. పాత పేజీలను పాండాక్ అనే సాధనంతో, హ్యూగో చదివే సరళమైన రాత పద్ధతి మార్క్‌డౌన్‌లోకి మార్చాక, కంటికి కనిపించని అక్షరాలను శుభ్రం చేద్దామని మా కుర్రవాడొకరు స్క్రిప్టు నడిపారు. దానితో పొల్లు తరువాత వచ్చే అక్షరం వత్తుగా మారకుండా ఆపే శూన్య వెడల్పు గుర్తు కూడా కొట్టుకుపోయి, ‘సాఫ్ట్‌వేర్’ అంతటా ‘సాఫ్ట్వేర్’ అయింది, ‘డౌన్‌లోడ్’ ‘డౌన్లోడ్’ అయింది. నిఘంటువు నడిపే మీకు ఇది మా కంటే పెద్ద నష్టం. కాబట్టి ఏ శుభ్రత స్క్రిప్టునైనా ముందు పది పేజీల మీద నడిపి, తేడాలను కళ్ళతో చూడండి. రెండోది పట్టికలు. గడులు కలిపిన పట్టికలు మార్క్‌డౌన్‌లో ఇమడక హెచ్‌టీఎంఎల్‌గానే మిగిలిపోతాయి. హ్యూగో తన సహజ అమరికలో అటువంటి హెచ్‌టీఎంఎల్‌ను వదిలేస్తుంది కాబట్టి, మా మేత పట్టికలు ఏ హెచ్చరికా లేకుండా మాయమయ్యాయి. హ్యూగోలో మార్క్‌డౌన్‌ను వెబ్ పేజీగా మార్చే గోల్డ్‌మార్క్ అమరికల్లో ‘అన్‌సేఫ్’ను అనుమతిస్తే అవి తిరిగి వస్తాయి.

నాలుగు నెలల్లో ఎక్కువ భాగం మాత్రం మనుషుల కోసమే పట్టింది. మా సహాయ పేజీల తెలుగును దిద్దేది పదవీ విరమణ చేసిన ఒక మాస్టారు. వర్డ్‌ప్రెస్ తెరలో ఆయన చక్కగా రాసేవారు. కొత్త సైటు ఫైళ్ళలో మార్పులను నమోదు చేసే గిట్ అనే సాధనాన్ని నేర్పడానికి రెండు ఆదివారాలు కూర్చున్నాం. మూడో వారం ఆయన, ‘బాబూ, నేను కాగితం మీద రాసి ఇస్తానండి, మీరు ఎక్కించుకోండి’ అన్నారు. మర్యాదగా అన్నారు గానీ, ఆ తరువాత కాగితాలు కూడా రావడం తగ్గిపోయింది. ప్రోగ్రామర్లకు సుఖంగా ఉందని, రాసేవారిని దూరం చేసుకునే పద్ధతిని ఆధునికం అనడం నాకు ఇష్టం లేదు. చివరకు డీకాప్ సీఎంఎస్ అమర్చాం. 2023 వరకు దానికి నెట్లిఫై సీఎంఎస్ అని పేరు. అది బ్రౌజరులో రాసుకునే తెర చూపించి, భద్రపరిచినప్పుడు గిట్‌లో తానే నమోదు చేస్తుంది. పెట్టెల పేర్లు మన ఇష్టం కాబట్టి ‘శీర్షిక’, ‘విషయం’, ‘దిద్దినవారు’ అని తెలుగులోనే పెట్టాం. లాగిన్ అమర్చడం కొంచెం శ్రమే, కానీ మాస్టారు మళ్ళీ రాస్తున్నారు. ఈ తెరను మేము చివర్లో పెట్టాం. మీరు మొదట్లోనే పెట్టండి.

ఇంకొక మాట. పేజీలన్నింటినీ ఒక్కరే గిట్‌లోకి ఎక్కిస్తే చరిత్ర అంతా ఆ ఒక్కరి పేరు మీదే కనిపిస్తుంది. జీతం లేకుండా పదేళ్ళు రాసినవారికి మిగిలేది ఆ పేరొక్కటే. ప్రతి పేజీ పైభాగంలో మొదటి రచయిత పేరును, తేదీని ఎక్స్‌ఎంఎల్ నుంచి తెచ్చి పెట్టాం. రైతులు ఒకరికొకరు జవాబులు చెప్పుకున్న వ్యాఖ్యలను కూడా మామూలు పాఠ్యంగా పేజీ అడుగున ఉంచాం.

మీ మూడు వందల పేజీలకు రెండున్నర, మూడు నెలలు పెట్టుకోండి. పాత సైటును వెంటనే తీసేయకుండా, కొత్త రాతలు ఆపి, మరో చిరునామాలో కనీసం రెండు నెలలు ఉంచండి. అన్నింటికంటే ముందు ఈ రోజే ఎగుమతి ఫైలు తీసి, అందులో 190 అక్షరాలు దాటిన పేజీ పేర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఆ సంఖ్య ఇక్కడ రాస్తే, మా దారిమళ్ళింపు స్క్రిప్టును మీ సైటుకు సరిపడేలా సవరించి ఇస్తాను.