ఇంజిన్ ఖర్చు అంచనా: సీఎంఏ ముందా, లేత్ ముందా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. మా అమ్మాయి కాకినాడలో మెకానికల్ మూడో సంవత్సరం. విమాన ఇంజిన్ల తయారీ ఖర్చు అంచనా వేసే ఉద్యోగం చేస్తానంటోంది. అది అకౌంట్స్ పనే కదా, సీఎంఏ (కాస్ట్ అకౌంటెంట్ కోర్సు)లో చేర్పించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండీ. అమ్మాయి అడుగుతున్నది డ్రాయింగ్ కూడా పూర్తికాని ముక్కకు ఎంతవుతుందో చెప్పే పని. అది ఇంజినీరు పనే. డిజైన్ ఖరారయ్యాక ఖర్చు తగ్గించే వీలు పెద్దగా మిగలదు కాబట్టి ఈ లెక్క ముందే కావాలి.

మొదట్లో చేతిలో ఉండేవి థ్రస్ట్ (ఇంజిన్ తోసే బలం), బరువు, టర్బైన్‌లోకి వెళ్లే వాయువు ఉష్ణోగ్రత, అంతే. పాత ఇంజిన్ల ఖర్చులతో వీటిని ముడిపెట్టి సూత్రం కడతారు. బరువునొక్కదాన్నే నమ్మితే బోల్తా పడతారు. లోపల గాలి దారులున్న సింగిల్ క్రిస్టల్ బ్లేడు (మొత్తం ఒకే స్ఫటికంగా పోసిన టర్బైన్ రెక్క) తేలికే, కానీ ఖరీదు ఎక్కువ. సిరామిక్ కోరు (లోపలి గాలి దారులకు అచ్చు), మైనం నమూనా, పోత, ఎక్స్‌రే: ప్రతి మెట్టులోనూ కొన్ని పోతాయి. నాలుగు మెట్లలో ఒక్కోచోట నూటికి 95 నిలిచాయనుకోండి, చివరికి మిగిలేవి 81. వంద మంచి బ్లేడ్లకు 123 మొదలుపెట్టాలి. బ్లేడ్లను పట్టి ఉంచే డిస్కుల సంగతి వేరు. మిల్లుకు వేసిన వడ్లన్నీ బియ్యం కానట్టే, 200 కిలోల ఫోర్జింగ్ (కొట్టి మలిచిన లోహపు దిమ్మ) చెక్కితే 40 కిలోల డిస్కు వచ్చిందంటే డబ్బు కట్టేది 200 కిలోలకే.

లెర్నింగ్ కర్వ్ కూడా రావాలి, అంటే చేసిన సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కోదానికి పట్టే సమయం తగ్గే లెక్క. 1936లో అమెరికా విమాన ఇంజినీరు టి.పి. రైట్ విమానాల మీద చూపించిన లెక్క ఇది: మొదటిదానికి 1000 గంటలైతే రెండింటి సగటు 800, నాలుగింటి సగటు 640. ఈ తగ్గుదలను కొన్న లోహానికీ వర్తింపజేయడం కొత్తవాళ్లు తరచూ చేసే తప్పు. గంటలు తగ్గినంత వేగంగా నికెల్ ధర తగ్గదు. వేర్వేరు సంవత్సరాల ధరలను ఒకే ఏడాదికి మార్చకుండా కలిపేయడం ఇంకో తప్పు.

ఈ సెలవుల్లో కాకినాడలోనో రాజమండ్రిలోనో మంచి లేత్ షాపుకు పంపండి. ఒక షాఫ్టు డ్రాయింగ్ తీసుకుని మెటీరియల్, సెటప్ (పని మొదలయ్యే ముందు మెషీన్‌ను సిద్ధం చేయడం), కోత, తనిఖీ సమయాలు ముందే రాసుకుని, తర్వాత మేస్త్రీకి నిజంగా పట్టిన సమయంతో పోల్చాలి. చాలామంది సెటప్ సమయాన్నే మరిచిపోతారు. టాలరెన్స్ (కొలతలో అనుమతించే తేడా) బిగిస్తే ఖర్చు ఎంత పెరుగుతుందో కూడా ఆయన్నే అడగమనండి. కాలేజీలో రిగ్రెషన్ (పాత లెక్కల నుంచి సూత్రం కట్టే పద్ధతి), జీడీ అండ్ టీ (డ్రాయింగ్‌లో ఆకారం, కొలతల తేడాలు చూపే పద్ధతి) వదలకూడదు.

మొదటి ఉద్యోగం ప్రాసెస్ ప్లానింగ్‌లోనో (ముక్కను ఏ వరుసలో చేయాలో నిర్ణయించే విభాగం), సప్లయర్ కొటేషన్లు పరిశీలించే విభాగంలోనో వెతకండి. హైదరాబాద్, బెంగళూరుల్లో విడిభాగాల తయారీదారులున్నారు. ఒడిశాలోని కోరాపుట్‌లో ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్ఏఎల్ ఇంజిన్ డివిజన్ ఉంది. సీఎంఏ కావాలంటే ఉద్యోగంలో రెండు మూడేళ్లు గడిచాక చేసుకోవచ్చు.