పెద్ద కెమెరా లేకుండా వలస పిట్టల్ని చూడటానికి వెళితే ఏమైనా కనిపిస్తుందా?

"మే నెలలో ఒహాయోకి వలస పిట్టలు బాగా వస్తాయంటున్నారు. నా దగ్గర పెద్ద కెమెరా లేదు. అంత దూరం వెళ్లడం దండగేనా?" అని అడిగారు. దండగ కాదు. నన్నడిగితే కెమెరా లేకపోవడమే మేలు. మేం ఉండేది కొలంబస్ దగ్గర. పదేళ్లుగా మే నెలలో వెళ్తున్నాను కాబట్టి ఈ మాట గట్టిగా చెప్తున్నాను.

మీరు వెళ్లాల్సింది మగీ మార్ష్‌కి. టొలీడోకి తూర్పున, ఈరీ సరస్సు దక్షిణపు ఒడ్డున ఉంటుంది. చుట్టూ చిత్తడి నేల, పొలాలు. నీళ్ల అంచున చిన్న చెట్ల తోపు, అందులో మెలికలు తిరిగే చెక్క బాట. టికెట్ లేదు. వార్బ్లర్లనే ఈ చిన్న పిట్టలు రాత్రిపూట ప్రయాణం చేస్తాయి. దక్షిణపు గాలి వీచిన రాత్రి ఆకాశం నిండా ఇవే. తెల్లారేసరికి ఎదురుగా సముద్రం లాంటి సరస్సు అడ్డొస్తుంది. అలసిపోయినవన్నీ ఆ తోపులో దిగుతాయి. పురుగులు తిని, ఒంట్లో కాస్త కొవ్వు చేరాక, గాలి అనుకూలించిన ఇంకో రాత్రి కెనడా వైపు దాటుతాయి. ముందురోజు రాత్రి బర్డ్‌కాస్ట్ సైట్ చూడండి, వాతావరణ రాడార్‌తో ఎన్ని పిట్టలు కదులుతున్నాయో చూపిస్తుంది. మే రెండో వారం అయితే ఇంకా మంచిది.

2022లో మా నాయన ఆరు నెలలు మా దగ్గర ఉండటానికి వచ్చారు. మాది నంద్యాల దగ్గర పల్లె. చిన్నప్పుడు నేను చూసిన నాయన అంటే జొన్నచేలో మంచె మీద వడిసెల తిప్పుతూ అరుస్తున్న మనిషి. కంకి పాలు పోసుకునే వేళకి గులాబీ గోరింకలు మందలుగా వచ్చి పడేవి. ఒక్క పూట ఆదమరిస్తే మడి ఖాళీ. ఆయన్ని పిట్టలు చూద్దాం రమ్మంటే "పిట్టల్ని చూసేదానికి ఇంత పొద్దున్నే లేసేదేందిరా" అన్నారు. అయినా మూడున్నరకే తలకి మఫ్లర్ చుట్టుకుని కారెక్కారు.

ఆ రాత్రి గాలి దక్షిణం నుంచే. తెల్లవారుజామున వాన పడింది. మేం వెళ్లేసరికి చెట్లన్నీ కారుతున్నాయి. మొదటి మలుపులోనే నలుగురైదుగురు పెద్ద లెన్సులు స్టాండ్ల మీద పెట్టి బాటకి అడ్డంగా నిలబడ్డారు. వెనక వీల్‌చెయిర్‌లో ఒక ముసలాయన దారి కోసం చూస్తున్నా ఒక్కరూ తిరగలేదు. ఇది ప్రతి ఏడూ చూస్తాను. ఇంకొకాయన ఫోన్‌లో పిట్ట కూత పదే పదే వినిపిస్తున్నాడు, అది దగ్గరికి రావాలని. రాత్రంతా ఎగిరి వచ్చి, ఆకలి తీర్చుకోవాల్సిన పిట్ట అది. ఎక్కడో పోటీ పిట్ట ఉందనుకుని వెతుక్కుంటూ తిరగాలా? ఫొటో కోసం ఆ పని చేయడం నాకు అస్సలు నచ్చదు.

మేం వాళ్లని దాటి, ఒక మూల రెయిలింగ్ పట్టుకుని కదలకుండా నిలబడ్డాం. నేను చెప్పే కిటుకు ఇదొక్కటే. పిట్ట వెంట పడకండి, నిలబడండి. పావుగంట దాటాక పక్కనున్న ఒకావిడ నాయన భుజం మీద మెల్లగా తట్టి, తన గొంతు చూపించి, తర్వాత కొమ్మ చూపించింది. నాయనకి ఇంగ్లీషు రాదు, అవసరమూ పడలేదు. బ్లాక్‌బర్నియన్ వార్బ్లర్. చెయ్యి చాపితే అందే దూరం.

గొంతు మొత్తం మోదుగపువ్వు రంగు. కంటి మీదుగా నల్లటి పట్టీ. పొట్ట దగ్గర ఈకలు తడిసి ఒంటికి అతుక్కుపోయాయి. చిగురాకు కింద నుంచి ఒక పురుగుని లాగింది. దాని రెక్క ఒకటి ముక్కుకి అంటుకుని ఉంటే, ముక్కుని కొమ్మకేసి అటొకసారి ఇటొకసారి రాసింది. మా వైపు చూడనే లేదు, మళ్లీ తినడంలో పడింది. నాయన ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

"ఎంతుంటాదిరా ఇది? తులముంటాదా?"

సరిగ్గా అంతే. పది గ్రాములకి కాస్త అటూ ఇటూ. చలికాలం దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల్లో ఉండి, అక్కణ్నుంచి వస్తుందని చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "ముప్పై ఏండ్లు రాళ్లు రువ్వినా. ఒక్కదాన్ని గూడా ఇట్ల చూసింది లేదు."

ఆ గోరింకలు కూడా మధ్య ఆసియా నుంచి వచ్చేవే, ఉగాది దాటాక మెల్లగా వెళ్లిపోతాయి, అక్కడ పిల్లలకి మిడతల్ని తెచ్చి పెడతాయి అని చెప్తే, ఉగాది తర్వాత అవి కనబడవని తనకీ తెలుసుననీ, ఎక్కడికి పోతాయో మాత్రం ఎప్పుడూ అనుకోలేదనీ అన్నారు.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. కెమెరా ఏది కొనాలని అడిగేవాళ్లే గానీ, ఇంటి ముందు లైట్ల గురించి అడిగేవాళ్లు నాకు కనబడలేదు. రాత్రి ఎగిరే పిట్టల్ని వెలుగు దారి తప్పిస్తుంది, తెల్లారాక అద్దాలు చంపుతాయి. 2023 అక్టోబర్ 5న షికాగోలో సరస్సు ఒడ్డునున్న ఒకే ఒక్క భవనం అద్దాలకి గుద్దుకుని దాదాపు వెయ్యి పిట్టలు చనిపోయాయి. మరుసటి ఏడు ఆ అద్దాలకి చిన్న చుక్కల ఫిల్మ్ అతికిస్తే చావులు బాగా తగ్గాయి. అంత చిన్న పని! మన వాళ్లు కొత్తగా కట్టుకున్న ఇళ్లలో గరాజ్ లైట్లు, తోట లైట్లు రాత్రంతా వెలుగుతూనే ఉంటాయి. దొంగల భయం అంటారు. మనిషి కదిలితే వెలిగే లైటు పెట్టుకుంటే సరిపోతుంది కదా. ఏప్రిల్, మే నెలల్లో, మళ్లీ సెప్టెంబర్, అక్టోబర్‌లలో రాత్రి పదకొండు నుంచి ఆపేయండి. చాలు.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో నాయనకి లైట్ల సంగతి కూడా చెప్పాను. ఇంటికి రాగానే చెప్పులు విప్పకుండా, గరాజ్ ముందు లైటు స్విచ్ ఎక్కడుందని అడిగారు. ఇప్పుడు ఊళ్లోనే ఉంటున్నారు. మే నెల వస్తే ఫోన్‌లో మనవల కంటే ముందు అడిగేది అదే: "లైటు ఆపినావా?"