అయిదేళ్లలో కుంగడం ఆగిపోతుందని సాయిల్ రిపోర్ట్‌లో రాశారు, నమ్మొచ్చా?

ప్రశ్న: సార్, మేం కట్టబోయే నాలుగంతస్తుల బిల్డింగ్ కింద 10 మీటర్ల మెత్తటి బంకమట్టి ఉందట. మొత్తం 150 మి.మీ. కుంగుతుందని, అందులో 90 శాతం అయిదేళ్లలోపే అయిపోతుందని రిపోర్ట్‌లో ఉంది. భూమి లోపల జరిగేదాన్ని ఇంత కచ్చితంగా ఎలా చెప్తారు? ఆ తర్వాత ఇక కుంగదా?

జవాబు: 150 సంగతి పర్లేదండి, శాంపిల్ చెదరకుండా తీసి టెస్ట్ చేసుంటే కాస్త అటూఇటూగా దగ్గరికే వస్తుంది. నాకు డౌటల్లా ఆ అయిదేళ్ల మీదే.

బంకమట్టి కుంగడమంటే లోపలి నీళ్లు బయటికి పోవడం. బరువు పడగానే ముందు నీళ్లే మోస్తాయి, అవి సన్నటి సందుల్లోంచి మెల్లగా జారుకునేకొద్దీ బరువు మట్టి రేణువుల మీదకి దిగుతుంది, మట్టి నొక్కుకుపోతుంది. 1920ల్లో టెర్జాగీ అనే ఇంజినీర్ కట్టిన లెక్కే ఇప్పటికీ దీనికి ఆధారం. అందులో కిటుకేంటంటే నీళ్లు బయటపడ్డానికి వెళ్లాల్సిన దూరం రెట్టింపైతే టైం నాలుగింతలవుతుంది. ల్యాబ్ శాంపిల్ మందం 20 మి.మీ., నీళ్లు పైకీ కిందకీ పోతాయి కాబట్టి దూరం 10 మి.మీ. మీ సైట్‌లో మట్టికి పైనా కిందా ఇసుకుంటే దూరం 5 మీటర్లు, అంటే 500 రెట్లు, టైమేమో రెండున్నర లక్షల రెట్లు! ల్యాబ్‌లో 90 శాతానికి 10 నిమిషాలు పడితే సైట్‌లో 4 ఏళ్ల 9 నెలలు, మీ అయిదేళ్లు దాదాపు ఇలాగే వచ్చుంటాయి. కానీ కింద నీరు దిగని పొర ఉందనుకోండి, అదే లెక్క 19 ఏళ్లవుతుంది. పోనీ సరిగ్గా మధ్యలో, బోర్‌హోల్ తవ్వినప్పుడు ఎవరూ పట్టించుకోని సన్నటి ఇసుక పొర ఒకటి అంతటా పరుచుకుని ఉంటే 14 నెలల్లోనే అయిపోతుంది. అందుకే బంకమట్టి కింద ఏముందో ఎలా తేల్చారని మీ ఇంజినీర్‌ని ముందు అడగండి.

ఇక ఆగుతుందా అంటే, పూర్తిగా ఆగదు. నీళ్ల ఒత్తిడి తగ్గాక కూడా రేణువులు సర్దుకుంటూనే ఉంటాయి, దీన్ని క్రీప్ అంటారు. మొదటి ఏడాది నుంచి పదో ఏడు దాకా ఎంతో, పది నుంచి వందో ఏడు దాకా దాదాపు అంతే, అంటే వేగం తగ్గుతూ పోతుందే తప్ప సున్నా అవ్వదు. జపాన్‌లో సముద్రంలో కట్టి 1994లో తెరిచిన కాన్సాయ్ ఎయిర్‌పోర్ట్ ఇంకా కుంగుతూనే ఉంది, పైనున్న మెత్తటి పొరకి ఇసుక డ్రెయిన్లు వేసి నీళ్లు త్వరగా తీసేశారు గానీ ఆ కింద చాలా లోతు వరకూ ఉన్న పాత బంకమట్టి వదల్లేదు. టెర్మినల్ స్తంభాల్ని జాకీలతో లేపి ప్లేట్లు దూర్చేలా ముందే డిజైన్ చేశారు కాబట్టి సరిపోయింది.

మీరు చేయాల్సింది, పునాది పడ్డ రోజు నుంచే లెవెల్స్ తీయించండి, అంటే బిల్డింగ్ ఎంత దిగిందో కొలిపించండి, దేంతో పోల్చి కొలుస్తారో ఆ రిఫరెన్స్ పాయింట్ మాత్రం బిల్డింగ్‌కి దూరంగా గట్టి నేల మీద ఉండాలి. కట్టడం పూర్తయ్యాక సమానమైన గ్యాప్‌లతో రీడింగులుంటే, అసావోకా పద్ధతిలో ఒక్కో రీడింగ్‌ని దాని ముందు రీడింగ్‌తో కలిపి గ్రాఫ్ గీసి, ఆ గీత 45 డిగ్రీల గీతని ఎక్కడ తాకుతుందో చూస్తే మొదటి దశ కుంగుబాటు, అంటే నీళ్లు పోవడం వల్ల వచ్చేది, ఎన్ని మి.మీ. దగ్గర ముగుస్తుందో తెలుస్తుంది, నన్నడిగితే రిపోర్ట్ కంటే దాన్నే ఎక్కువ నమ్ముతాను.

బిల్డింగ్ మొత్తం ఒకేలా 150 కుంగినా గోడలకేం కాదు, పక్కపక్క కాలమ్స్ మధ్య తేడాతోనే తంటా. 5 మీటర్ల దూరానికి 10 మి.మీ. లోపుంటే సాధారణంగా బీటలు రావు, 17 దాటితే గోడలు పగలడం మొదలవుతుంది. ఇంకోటి, బయటి నుంచి లోపలికొచ్చే నీళ్ల పైపులకీ డ్రైనేజీకీ కదిలే జాయింట్లు పెట్టించండి, గోడ కుంగినప్పుడు ముందు విరిగేవి అవే.