సమాధానం: పిండి డబ్బా దగ్గర తెగుతున్న ఆచూకీ

మా బేకరీలో ముగ్గురు సరఫరాదారుల పిండిని ఒకే డబ్బాలో పోస్తున్నామని, ఏ బస్తా ఏ బ్రెడ్డులోకి వెళ్లిందో తనిఖీలో చెప్పలేకపోయామని మీరు రాశారు. కొన్న ప్రతి మనిషి పేరూ నమోదు చేయాలా అనీ అడిగారు.

రెండో ప్రశ్నకు జవాబు తేలిక: అక్కర్లేదు. ఐరోపా సమాఖ్య 178/2002 చట్టంలోని 18వ అధికరణం అడిగేది ఒక మెట్టు వెనక్కి, ఒక మెట్టు ముందుకి మాత్రమే. సరుకు ఎవరిచ్చారు, మీరు ఏ వ్యాపారికి అమ్మారు అన్నంతవరకే. నేరుగా కొనుక్కుని తినేవారు ఆ లెక్కలోకి రారు.

అసలు చిక్కు డబ్బాలో ఉంది. మీ దగ్గర జరిగే కలయికను రాసిపెట్టమని 18వ అధికరణం సూటిగా చెప్పదు. అయినా దయచేసి రాయండి. 14వ అధికరణం ప్రకారం బ్యాచ్‌లో కొంత ఆహారం సురక్షితం కాదని తేలితే, వివరమైన పరిశీలనలో మిగతాది బాగుందని తేలేదాకా మొత్తం బ్యాచ్‌నూ సురక్షితం కానిదిగానే పరిగణిస్తారు. డబ్బా ఎన్నడూ ఖాళీ కాకపోతే మీ బ్యాచ్‌కు అంతెక్కడ? నెలల సరుకంతా వెనక్కి తెప్పించాల్సి రావచ్చు.

అందుకే అడుగు కనిపించేదాకా వాడి, శుభ్రంగా తుడిచాకే కొత్త బస్తా విప్పండి. బస్తాకు కుట్టిన చీటీని పారేయకండి. తేదీ, సమయం వేసి ఆ రోజు తయారీ కాగితానికి అంటించండి. ఒకే రోజు రెండు సరఫరాదారుల పిండి కలపక తప్పకపోతే రెండు చీటీలూ అంటించండి.

వారం తర్వాత ఒక బ్రెడ్డు తీసుకుని, దాని బస్తా దాకా ఎంతసేపట్లో వెళ్లగలిగారో ఇక్కడ రాయండి. ఎక్కడ ఆగిపోతే అక్కడి నుంచి కలిసి చూద్దాం.