మట్టి ఇటుకకు పీచు, సున్నం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య దీవెనలు.

గుంటూరు పొలంలో మట్టి ఇటుకలతో గది కట్టుకుంటానన్నావు. చాలా సంతోషం. కానీ అక్కడున్నది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుని చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. ఒట్టి ఆ మట్టితోనే ఇటుక పోస్తే దానికీ అదే గతి. ఇసుక కలపాల్సిందే. కలిపిన మట్టిని గాజు సీసాలో సగం వేసి, నీళ్లు పోసి బాగా కుదిపి, ఒక రోజు కదపకుండా ఉంచు. అడుగున ఇసుక, పైన బంకమట్టి పొరలుగా దిగుతాయి. బంక ఐదో వంతు దాకా ఉంటే సరిపోతుంది.

పీచు పని పగుళ్లను పట్టి ఉంచడం, అంతవరకే. కొబ్బరి పీచు తొందరగా చివకదు, అదే తీసుకో. గోగునార దొరికినా మంచిదే. రెండంగుళాల ముక్కలుగా కత్తిరించి, 100 కిలోల మట్టికి అరకిలో వెయ్యి. ఎంత వేస్తే అంత గట్టి అనుకుని నేను మొదట్లో వరిగడ్డి గుప్పిళ్లతో వేశాను. పైకి ఇటుక నున్నగా వచ్చింది. ఎండాక పగలగొడితే లోపల గడ్డి ఉండలు కట్టి ఉంది, చుట్టూ వేలు దూరేంత ఖాళీలు. ఆ వాయి మొత్తం పారబోశాను. అందుకే పీచును విడదీసి పొడి మట్టిలో చల్లుతూ కలుపు, నీళ్లు ఆ తర్వాతే.

నీళ్లకు కరగకుండా కాపాడేది మాత్రం సున్నం. బంక ఉన్న మట్టికి సిమెంటు కంటే ఇదే బాగా పడుతుంది. పిడుగురాళ్ల సున్నం మీకు దగ్గరే కదా. 100 కిలోలకు 6 నుంచి 8 కిలోలు చాలు. రాతిసున్నం, అంటే కాల్చాక ఇంకా నీళ్లు తగలని సున్నం, దాని మీద నీళ్లు పోస్తే సలసలా కాగి చిందుతుంది, కళ్లకు అద్దాలు లేకుండా దగ్గరికి వెళ్లకు నాయనా. బాగా కాలి తెల్లబడిన ఊక బూడిద కొంచెం కలిపితే సున్నానికి ఇంకా పట్టు వస్తుంది. సున్నంలో కలిపే కరక్కాయ, బెల్లం నీళ్లు గోడ పూతకు దాచుకో, ఇటుకల్లో పోసి డబ్బు తగలెయ్యకు.

అచ్చు తీసిన ఇటుకల్ని ఎండలో పెట్టకు. నీడలో పేర్చి, తడి గోనెసంచులు కప్పి 28 రోజులు తడుపుతూ ఉండు. సున్నం నిదానంగా గట్టిపడుతుంది, టెన్షన్ పడి తొందరపడితే చెడేది నీ గోడే. 2024 సెప్టెంబరులో బెజవాడలో బుడమేరు నీళ్లు ఇళ్లలో ఎన్నాళ్లు నిలిచాయో చూశావుగా. అందుకని నేల నుంచి రెండడుగులైనా రాతికట్టు లేపి, దాని మీదే మట్టి ఇటుక పెట్టు. చూరు కూడా బాగా బయటికి దించు.

ముందు పది ఇటుకలే చెయ్యి. నెల తడిపి, ఆరాక ఒకదాన్ని రాత్రంతా నీళ్ల తొట్టిలో వదిలెయ్. పొద్దున తీసి అంచును గోటితో గీకి చూసి, ఎలా ఉందో నాకు ఫోన్ చెయ్యి. అప్పటిదాకా మిగతా మట్టి కలపకు.

మీ అమ్మను అడిగానని చెప్పు.

మావయ్య