కామెంటేటర్ కావాలంటే ఇండియాకు ఆడి తీరాలా?

ప్రశ్న: మాది కావలి. మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. అండర్-16లో జిల్లా జట్టుకు ఆడాడు. సంక్రాంతి టోర్నమెంట్‌లో మైకు ఇస్తే కామెంటరీ బాగా చెప్పాడని అందరూ మెచ్చుకున్నారు. అప్పట్నుంచి క్రికెటర్ కాకపోతే కామెంటేటర్ అవుతానంటున్నాడు. ఇంట్లో అందరికీ టెన్షన్. చదువు ఆపి కోచింగ్‌లో వేయాలా, ఆట మాన్పించాలా?

జవాబు: రెండూ వద్దండీ. ముందు క్రికెటర్‌గా ఆడి, తర్వాత హిందీ కామెంటేటర్ అయిన ఆకాశ్ చోప్రా సంగతి చెప్తాను, వినండి.

ఆయన 2003 అక్టోబరులో అహ్మదాబాద్‌లో న్యూజిలాండ్ మీద టెస్టుల్లోకి వచ్చారు. ఆ ఏడాది చివర్లో ఆస్ట్రేలియా వెళ్లి సెహ్వాగ్‌తో ఓపెనింగ్ చేశారు. మొదటి వికెట్‌కు మెల్‌బోర్న్‌లో 141, సిడ్నీలో 123 పరుగులు వచ్చాయి. వాటిలో ఆయనవి 48, 45. ఆయన ఓపిగ్గా ఎదుర్కొని కొత్త బంతి పదును తగ్గించాక సిడ్నీలో మనవాళ్లు 705 దాకా కొట్టారు. అయినా 2004 తర్వాత పిలుపు రాలేదు. మొత్తం 10 టెస్టులు, 437 పరుగులు. సెంచరీ లేదు, వన్డే ఒక్కటీ లేదు.

మన ఇళ్లలో అయితే అక్కడితో పిల్లాడి బతుకు పాడైపోయిందని ఏడుస్తాం. ఆయన రంజీ ట్రోఫీ, అంటే రాష్ట్రాల జట్ల మధ్య జరిగే టోర్నీ, ఆడుతూనే ఉన్నారు. 2007-08లో ఢిల్లీతో, తర్వాత రాజస్థాన్‌తో వరుసగా రెండుసార్లు ట్రోఫీ గెలిచారు. ఆడే రోజుల్లోనే ఆట గురించి రాయడం మొదలుపెట్టారు. ఆ బంతి ఎందుకు వదిలేయాలి, ఫీల్డర్‌ను ఎందుకు జరిపారు అనేది మాటల్లో పెట్టే అలవాటు అలా ముందే పడింది. ఇవాళ హిందీ కామెంటరీలో ఆయన గొంతు తెలియని ఇల్లు తక్కువ. ఆ పేరు 10 టెస్టుల వల్ల వచ్చింది కాదు.

తెలుగులో పరిస్థితి కొంచెం వేరు. తెలుగు కామెంటరీలో వినిపించిన ఎమ్మెస్కే ప్రసాద్, వేణుగోపాలరావు, అంబటి రాయుడు ముగ్గురూ ఇండియాకు ఆడినవాళ్లే. ఆటను విశ్లేషించే నిపుణుడి కుర్చీ ఎక్కువగా పెద్ద స్థాయిలో ఆడినవాళ్లకే దొరుకుతుంది. అబ్బాయికి ఇది దాచకుండా చెప్పండి. ఆడనివాళ్లకు యాంకర్ దారి ఉంది. హైదరాబాద్‌లో పుట్టిన హర్షా భోగ్లే ఇండియాకు ఆడలేదు. కెమికల్ ఇంజినీరింగ్, అహ్మదాబాద్ ఐఐఎం చదివారు. 19 ఏళ్లకే ఆలిండియా రేడియోలో కామెంటరీ చెప్పారు. ఇవి కాక స్కోరర్, గణాంకాలు, గ్రాఫిక్స్, ప్రొడక్షన్ పనులున్నాయి. వాటి గురించి మన దగ్గర ఎవరూ పిల్లలకు చెప్పరు, అదే నా బాధ.

అందుకని ఎంపీసీ పూర్తి చేయనివ్వండి. జిల్లా సెలెక్షన్స్‌కు మాత్రం తప్పకుండా పంపండి. జనన ధ్రువీకరణ పత్రంలో, ఆధార్‌లో పుట్టిన తేదీ ఒకటేనా కాదా ఇప్పుడే చూసుకోండి. వయసు దగ్గర తేడా వస్తే ఎంత బాగా ఆడినా పక్కన పెడతారు. అండర్-19లో రాష్ట్ర జట్టు దాకా వెళ్తే ఆట మీద గట్టిగా నిలబడొచ్చు. వెళ్లకపోతే ఏ డిగ్రీ చేసినా ఆ తర్వాత మాస్ కమ్యూనికేషన్‌లో పీజీ చేయొచ్చు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కమ్యూనికేషన్ ఎంఏ ఉంది.

ఈలోగా టీవీ సౌండ్ తీసేసి, నాలుగైదు ఓవర్లకు సొంతంగా కామెంటరీ చెప్పి ఫోన్‌లో రికార్డు చేసుకోమనండి. మర్నాడు విననివ్వండి. స్క్రీన్‌లో కనిపించేదే మళ్లీ చెప్తున్నాడా, కనిపించని కారణం చెప్తున్నాడా, వాడికే తెలుస్తుంది. నెల్లూరు యాస దాచుకోనక్కర్లేదు, మాట స్పష్టంగా ఉంటే చాలు. ఇంగ్లిష్, హిందీ కూడా పట్టు పట్టి నేర్పించండి, ప్రొడక్షన్ వాళ్లతో పని అంతా వాటిలోనే నడుస్తుంది.

రెండు నెలల్లో కామెంటేటర్‌ను చేస్తామని పెద్ద ఫీజులు అడిగేవాళ్లకు మాత్రం ఒక్క రూపాయి కట్టకండి.