ఆక్సీమీటర్‌లో 98 ఉన్నా తలనొప్పి ఎందుకు? ముందు పొగగొట్టం చూడండి

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం దగ్గర పల్లె. పాత మట్టి మిద్దె. గ్యాస్ ఉన్నా సంగటి, స్నానాల నీళ్లు కట్టెల పొయ్యి మీదే. కొన్నేళ్ల కిందట పొగగొట్టం పెట్టించాం. ఈ వానలకు పొగ మళ్లీ వంటింట్లోకే తన్నుతోంది. పొయ్యి దగ్గర కాసేపుంటే నాకూ, మా అత్తమ్మకూ తలనొప్పి, కడుపులో తిప్పడం. బయట కూర్చుంటే తగ్గుతుంది. వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే ఆక్సీమీటర్ 98 చూపిస్తోంది. అత్తమ్మకు 58 ఏళ్లు, రెండు నెలలుగా దగ్గు. బీపీ ఏమోనని టెన్షన్‌గా ఉంది. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుంటే సరిపోతుందా?

జవాబు: బీపీ ఒకసారి చూపించుకోండి, తప్పు లేదు. కానీ ఒకే పొయ్యి దగ్గర ఇద్దరికీ ఒకేసారి తలనొప్పి వచ్చి, వాకిట్లోకి రాగానే తగ్గుతోందంటే నా మొదటి అనుమానం కార్బన్ మోనాక్సైడ్ మీదే. కట్టె సరిగా మండనప్పుడు పుట్టే విషవాయువు ఇది. రంగు లేదు, వాసన లేదు. పొగ కనిపించని ఎర్రటి నిప్పుల నుంచి కూడా వస్తుంది. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుని, ఆక్సిజన్‌కు చోటు లేకుండా చేస్తుంది.

ఆక్సీమీటర్‌ను మాత్రం ఈ విషయంలో నమ్మొద్దు. వేలికి పెట్టుకునే మామూలు మీటరుకు ఆక్సిజన్ పట్టిన హిమోగ్లోబిన్‌కూ, ఈ వాయువు పట్టినదానికీ తేడా తెలియదు. మనిషి మత్తుగా పడిపోతున్నా అది 98 చూపించగలదు. తడిగుడ్డ కూడా అంతే. కళ్లకు కనిపించే మసిని కొంత ఆపుతుందేమో గానీ వాయువును ఆపదు, సన్నటి పొగ రేణువులనూ ఆపదు.

ఇక గొట్టం సంగతి. వానాకాలంలోనే ఎందుకు తన్నుతోందంటే, కంది కట్టె, పత్తి కట్టె తడిసి ఉంటాయి. తడి కట్టె మండదు, కమురుతుంది. ఆ పొగ గొట్టం లోపల తారులా అంటుకుని దారిని ఇరుకు చేస్తుంది. పైగా వాన పడుతుందని మిద్దె పైకప్పులో ఉండే గవాక్షి మీద బండ కప్పేస్తారు, తలుపు మూస్తారు. పొగకు ఉన్న రెండు దార్లూ పోయాయి కదా! వంట జరుగుతున్నంతసేపు తలుపో కిటికీయో తెరిచే ఉంచండి. గొట్టం బాగయ్యేదాకా సంగటి కూడా గ్యాస్ మీదే కానివ్వండి. కట్టెల మీదే రుచి అనే వాదనలో నేను దూరను గానీ, తెడ్డుతో గెలుకుతూ పొయ్యి మీదికి వంగి ఉండే ఆ కాసేపూ పొగంతా ముఖానికే కొడుతుంది. నీళ్ల పొయ్యిని ఎలాగూ పెరట్లోకి మార్చేయొచ్చు.

మసి రూపాయి నాణేలు రెండు పేర్చినంత మందం, అంటే సుమారు 3 మిల్లీమీటర్లు పేరుకుంటే దులపాల్సిందే. రోజూ వాడే పొయ్యి అయితే నెలకోసారి చూసుకోండి. రాత్రంతా పొయ్యి పూర్తిగా చల్లారనిచ్చి, పొయ్యి నోటికి తడి గోనెసంచి అడ్డం పెట్టి, పైనుంచి తాడుకు కట్టిన బ్రష్‌ను దించి దులపాలి. దులిపేవాళ్లకు ఎన్95 మాస్క్, కళ్లద్దాలు ఉండాలి. తడిసిన మిద్దె మీదికి మాత్రం ఎక్కొద్దు, ఎండ కాసిన రోజు చూసుకోండి. కింద గడ్డి మండించి మసిని కాల్చేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. దయచేసి ఆ పని చేయొద్దు. ఆ తారే భగ్గున అంటుకుంటుంది, గొట్టం మిద్దె కొయ్య దంతెలకు ఆనుకుని ఉంటే ఇల్లు కూడా. గొట్టానికీ కొయ్యకూ మధ్య ఇటుక, మట్టి ఉండేలా మేస్త్రీతో చూపించండి.

మీది పాత సిమెంటు పైపు అయితే అందులో ఆస్బెస్టాస్ అనే, పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే రాతినార ఉండొచ్చు. దాన్ని గీకొద్దు, పగలగొట్టొద్దు, రేకు గొట్టం వేయించుకోండి. ప్లాస్టిక్ పైపు అసలు పనికిరాదు. మసి లేకపోయినా పొగ వెనక్కి వస్తుంటే పైన పక్షి గూడు ఉందేమో, గొట్టం పిట్టగోడ కంటే తక్కువ ఎత్తులో ఉందేమో చూడండి. గోడకు తగిలిన గాలి పొగను కిందికి నొక్కుతుంది. గొట్టం గోడ కంటే కనీసం రెండు మూడు అడుగులు పైకి ఉండాలి.

బూడిదను మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి, వేరుశనగ కట్టె వామికి దూరంగా పెట్టండి. పైకి చల్లారినట్టున్నా లోపల నిప్పు మర్నాటిదాకా ఉంటుంది. చలికి, బాలింత గదికి నిప్పుల కుంపటి పెట్టి తలుపులు మూసే పద్ధతి మన వైపు ఇంకా ఉంది. తల్లీబిడ్డలకు అది ప్రాణాంతకం. కడుపుతో ఉన్నవాళ్లయితే ఈ వాయువు బిడ్డకూ చేరుతుంది.

ఎవరైనా మత్తుగా, తికమకగా ఉన్నా, పడిపోయినా ముందు బయటి గాలిలోకి తీసుకెళ్లి 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో పొయ్యి పొగ అని తప్పకుండా చెప్పండి. చెప్పకపోతే ఆక్సీమీటర్ అంకె చూసి వాళ్లు కూడా పొరబడవచ్చు. మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే వాయువు త్వరగా వదులుతుంది.

అత్తమ్మ దగ్గును దీనితో కలిపేయకండి. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికైనా కళ్లె పరీక్ష చేయించాలి, టీబీ లేదని తేల్చుకోవాలి. అది ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. తర్వాత ఛాతీ ఎక్స్‌రే, స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊది ఊపిరితిత్తుల పనితీరు చూసే పరీక్ష). బీడీ ముట్టని ఆడవాళ్లకు కూడా ఏళ్ల తరబడి పొయ్యి పొగ పీల్చడం వల్ల సీఓపీడీ, అంటే ఊపిరి దారులు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు, రావచ్చు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందా, పిల్లికూతలు ఉన్నాయా అని గమనించి డాక్టరుకు చెప్పండి. ఈలోగా మెడికల్ షాపులో అడిగి దగ్గు సిరప్‌లు మారుస్తూ పోవద్దు.